కొండల మీది వ్యూపాయింట్లకు చిన్న గ్రూపుతో ఒక్క రోజు టూర్: బుకింగ్ నుంచి తిరుగు ప్రయాణం దాకా

నేను మొదటిసారి ఇలాంటి టూర్‌కి వెళ్లినప్పుడు ప్రోగ్రామ్‌లో ఎనిమిది వ్యూపాయింట్లు ఉన్నాయి. ఎనిమిదీ చూపించారు. పెద్ద బస్సు, నలభై మంది దాకా జనం. అందరూ దిగడానికే పది నిమిషాలు పట్టేది, మళ్లీ ఎక్కించి లెక్క చూసుకోవడానికి ఇంకో పది. ఇంటికొచ్చాక ఫోటోలు చూసుకుంటే ఏ ఫోటో ఏ కొండ మీద తీశానో నాకే గుర్తు రాలేదు.

తర్వాత ఇంకోసారి తొమ్మిది మందిమి ఒక వ్యాన్‌లో వెళ్లాం. ఆ రోజు చూడాల్సినవి మూడే మూడు చోట్లు. రెండోదాని దగ్గరికి వెళ్లేసరికి లోయ నిండా పొగమంచు, ఎదురుగా ఏమీ కనబడటం లేదు. గైడ్ కాసేపు ఆకాశం వైపు, లోయ వైపు చూసి, "ఇక్కడ ఇప్పుడు దిగొద్దు. ముందు పైదానికి వెళ్లి వద్దాం, పది దాటితే ఎండకు ఇదంతా విడిపోతుంది" అన్నాడు. తిరిగి వచ్చేసరికి అంతా విడిపోయింది. లోయ అడుగున ఏరు వంపులు తిరుగుతూ కనిపించింది. అక్కడ గంటకు పైగా కూర్చున్నాం. ఆ కొండల వరస ఇప్పటికీ కళ్లు మూసుకుంటే గీయగలను.

చిన్న గ్రూపు వల్ల వచ్చే అసలు లాభం అదే. వాతావరణాన్ని బట్టి వరస మార్చుకోవచ్చు, నచ్చిన చోట ఎక్కువసేపు ఉండొచ్చు. సీట్లు ఖాళీగా ఉండటం, గైడ్ మాట బాగా వినబడటం లాంటివన్నీ దాని తర్వాతే. కింద రాసినదంతా ఈ లెక్కతోనే చదవండి.

టూర్‌ని ఎంచుకోవడం

ముందు ప్రోగ్రామ్ తీసుకుని ఒక కాగితం మీద లెక్క వేయండి. మొత్తం ఎన్ని గంటలు? అందులో బండిలో కూర్చునే సమయం ఎంత? భోజనానికి ఎంత? మిగిలినదాన్ని వ్యూపాయింట్ల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకి పది గంటల టూర్‌లో ప్రయాణానికి ఆరు గంటలు, భోజనానికి ఒక గంట పోతే మిగిలేది మూడు గంటలు. ఆరు చోట్లు చూపిస్తామంటే ఒక్కో చోట అరగంట. అందులో బండి ఆపే చోటు నుంచి నడిచి వెళ్లి రావడం, టాయిలెట్ లైను అన్నీ కలిసే ఉంటాయి. నా మటుకు ఒక్కో చోట కనీసం నలభై ఐదు నిమిషాలు లేని టూర్‌ని నేను తీసుకోను. ప్రోగ్రామ్‌లో పేర్లు తక్కువగా ఉన్నాయని బెంగ పెట్టుకోకండి. మంచి టూర్లలో అవి తక్కువే ఉంటాయి.

"చిన్న గ్రూపు" అనే మాటకు ఎక్కడా ఒకే అర్థం లేదు. ఒకరికి అది ఎనిమిది మంది, ఇంకొకరికి ఇరవై నాలుగు మంది. అందుకే "గరిష్ఠంగా ఎంతమందిని తీసుకెళ్తారు?" అని సూటిగా అడగండి. నా అనుభవంలో పన్నెండు దాటితే కథ మారిపోతుంది. పన్నెండు లోపైతే ఒకే వ్యాన్ సరిపోతుంది, సన్నటి కొండదారుల్లోకీ అది వెళ్తుంది, పెద్ద బస్సులు ఆగలేని చోట కూడా దాన్ని ఆపుకోవచ్చు.

బుక్ చేసేముందు ఇంకొన్ని అడగాలి. బండి నడిపేదీ కొండల గురించి చెప్పేదీ ఒకరేనా, ఇద్దరా? ఒకరే అయితే దారి పొడవునా పెద్దగా మాట్లాడకపోవచ్చు. మలుపుల దారిలో ఆయన దృష్టి రోడ్డు మీద ఉండటమే మనకు మంచిది. పూర్తిగా మబ్బు పట్టేస్తే ఏం చేస్తారు: డబ్బు తిరిగి ఇస్తారా, వేరే రోజుకి మారుస్తారా, అలాగే తీసుకెళ్తారా? చాలామంది భారీ వర్షం, మంచు వల్ల దారి మూసేస్తేనే రద్దు చేస్తారు, "ఏమీ కనబడదు" అన్నది వాళ్ల లెక్కలో రద్దుకి కారణం కాదు. ఇది ముందే తెలిసి ఉంటే తర్వాత గొడవ ఉండదు. బండి ఆగే చోటు నుంచి వ్యూపాయింట్‌కి ఎంత దూరం నడవాలి, మెట్లు ఎన్ని అన్నది మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పిల్లల్ని ఎత్తుకుని వెళ్లేవాళ్లు తప్పకుండా అడగాలి. "కొద్దిగా నడవాలి" అనే జవాబుతో ఊరుకోకండి, నిమిషాల్లో చెప్పమనండి.

రివ్యూలు చదివేటప్పుడు నక్షత్రాల జోలికి పోకుండా "తొందర", "హడావిడి", "టైమ్ సరిపోలేదు" లాంటి మాటల కోసం వెతకండి. మబ్బు పట్టిన రోజు వెళ్లినవాళ్లు ఏం రాశారో చూడండి. ఎండ బాగా ఉన్న రోజు ఏ గైడ్ అయినా మంచివాడే అనిపిస్తాడు.

ఏ రోజు, ఏ వేళ

కొండల మీద పొద్దున్నకీ మధ్యాహ్నానికీ చాలా తేడా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి, గాలి వాలు వెంట పైకి లేస్తుంది. పైకి వెళ్లి చల్లబడ్డాక అందులోని తేమ మబ్బు అవుతుంది. అందుకే వెచ్చని కాలంలో పొద్దున నిర్మలంగా ఉన్న శిఖరాలు చాలా చోట్ల మధ్యాహ్నానికి మబ్బులో మునిగిపోతాయి. సాయంత్రానికి ఉరుములు కూడా రావచ్చు. రెండు టూర్లలో ఏది తీసుకోవాలో తేలకపోతే, ముందు బయల్దేరేదాన్నే తీసుకోండి.

దీనికి అడ్డంగా కనిపించే సంగతి ఒకటుంది. గాలి లేని, ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో చల్లటి గాలి బరువెక్కి లోయల్లోకి జారుతుంది. దానిపైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. కిందనంతా పొగమంచు, పైకి వెళ్తే నీలాకాశం. కింద నుంచి చూసి "ఇవాళ ఏమీ కనబడదు" అని టూర్ మానుకునేవాళ్లని చూశాను. ఆ రోజే పై నుంచి చూస్తే మబ్బులు పాలసముద్రంలా పరుచుకుని, మధ్యలో కొండకొనలు దీవుల్లా తేలుతుంటాయి. శిఖరం దగ్గర లైవ్ కెమెరా ఉంటే దాన్ని చూసి నిర్ణయించుకోండి. లేకపోతే గైడ్‌ని అడగండి.

వెలుగు ఎటు నుంచి పడుతుందన్నది ఎక్కువమంది పట్టించుకోరు. పొద్దున మీరు పడమటి వైపు చూసే వ్యూపాయింట్‌లో నిలబడితే సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, ఎదుటి కొండల మీద వెలుగు నేరుగా పడి చెట్లూ బండలూ స్పష్టంగా కనిపిస్తాయి. అదే చోట సాయంత్రం నిలబడితే ఎండ కళ్లలో పడుతుంది, కొండలు వరసలు వరసలుగా నల్లటి నీడల్లా కనిపిస్తాయి. అదీ అందమే, కానీ వేరే అందం. మ్యాప్ తెరిచి ఒక్కో వ్యూపాయింట్ ఎటు వైపు చూస్తుందో, టూర్ అక్కడికి ఎన్నింటికి వెళ్తుందో పోల్చి చూడండి. బాగా ఆలోచించి కట్టిన టూర్ అయితే ఆ వరసలోనే తెలిసిపోతుంది.

వర్షం పడి వెలిసిన మర్నాడు వీలైతే వదులుకోకండి. గాలిలోని దుమ్మూ పొగా కడుక్కుపోయి, మామూలు రోజుల్లో కనబడని వరసలు కనిపిస్తాయి. గాలి పూర్తిగా తేటగా ఉంటే చుట్టూ ఉన్న నేల కంటే 1,000 మీటర్ల ఎత్తున నిలబడినవాళ్లకి దిగంతం దాదాపు 113 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడిదాకా చూపు ఆనాలంటే దుమ్ము ఉండకూడదు.

ఎత్తూ, ఒళ్లూ

రోజులో వెళ్లి వచ్చే వ్యూపాయింట్లలో ఎక్కువ భాగం ఒంటికి ఇబ్బంది పెట్టే ఎత్తులో ఉండవు. కానీ రోడ్డో రైలో నేరుగా పైకి తీసుకెళ్లే చోట్లు కొన్నున్నాయి. అమెరికాలోని పైక్స్ పీక్ మీదికి 4,302 మీటర్ల దాకా కారులో వెళ్లొచ్చు. స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావుయోఖ్ రైలు స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. 3,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 70 శాతమే. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది, కొందరికి తల తేలిపోతున్నట్టు ఉంటుంది. ఇందులో కంగారు పడాల్సింది లేదు. నెమ్మదిగా నడవండి, పరుగెత్తకండి.

2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం, నీరసం రావచ్చు. ఇవి సాధారణంగా పైకి చేరిన కొన్ని గంటల తర్వాత మొదలవుతాయి కాబట్టి ఒక్క రోజు టూర్‌లో తీవ్రంగా ముదరడం అరుదు. అయినా తలనొప్పి పెరుగుతుంటే, నడక తూలుతుంటే, మాట తడబడుతుంటే వెంటనే గైడ్‌కి చెప్పాలి. కిందికి దిగడమే దానికి మొదటి వైద్యం. "నా వల్ల అందరి టూర్ పాడవుతుందేమో" అని మొహమాటపడి దాచిపెట్టకండి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎత్తు ఎంతో తెలుసుకుని ముందే డాక్టర్‌ని అడగాలి.

సముద్రం పక్కనే ఎత్తైన కొండలున్న చోట ఇంకో జాగ్రత్త ఉంది. హవాయిలోని హలెయాకలా శిఖరం 3,055 మీటర్లు, బీచ్ నుంచి గంటల్లోనే చేరుకోవచ్చు. సిలిండర్‌తో నీళ్లలోకి డైవింగ్ చేసినవాళ్లు ఆ వెంటనే అలా పైకి వెళ్లకూడదు. ఒత్తిడి తగ్గినప్పుడు ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలుగా మారే ప్రమాదం ఉంది. డైవింగ్ ఒక రోజు, కొండ ఇంకో రోజు పెట్టుకోండి. మధ్యలో కనీసం ఒక పూర్తి రోజు వదిలితే నిశ్చింత.

బ్యాగ్‌లో ఏం పెట్టుకోవాలి

ప్రతి 1,000 మీటర్లకి వేడి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద 28 డిగ్రీలుంటే, 2,000 మీటర్ల పైన 15 దగ్గర ఉంటుంది. గాలి వీస్తుంటే అంతకన్నా చల్లగా అనిపిస్తుంది. వ్యూపాయింట్లు గాలికి ఎదురుగా ఉండే చోట్లే. ఒక్క మందపాటి స్వెట్టర్ కన్నా పలచటి బట్టలు రెండు మూడు పొరలు, పైన గాలీ వానా ఆపే జాకెట్ ఉంటే బండిలో తీసేయొచ్చు, దిగాక వేసుకోవచ్చు.

చల్లగా ఉందని ఎండని తక్కువ అంచనా వేయకండి. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. మంచు ఉంటే అది కింద నుంచి కూడా కొడుతుంది. సన్‌స్క్రీన్, టోపీ, కళ్లజోడు మూడూ కావాలి. మబ్బున్న రోజునే నా ముక్కు కమిలిపోయింది.

నీళ్లు, కాస్త తినడానికి, పట్టు జారని బూట్లు, రోజూ వేసుకునే మందులు. ఫోన్‌కి పవర్ బ్యాంక్ పెట్టుకోండి. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది, కాబట్టి ఫోన్‌ని బయటి జేబులో కాకుండా లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచుకోండి. సిగ్నల్ ఉండకపోవచ్చు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బైనాక్యులర్స్ ఉంటే మాత్రం బరువనుకోకుండా తీసుకెళ్లండి. ఎదుటి వాలు మీద జలపాతం పడుతోందని, ఆ బండ మీద మేకలున్నాయని వాటితోనే తెలుస్తుంది. గ్రూపులో ఒక్కరి దగ్గర ఉన్నా చాలు, చేతులు మారుతూ అందరూ చూస్తారు.

ఘాట్ రోడ్డు మీద

కడుపులో తిప్పడం చాలామందికి ఈ టూర్ల గురించి ఉన్న పెద్ద టెన్షన్. బండి మలుపు తిరుగుతోందని లోపలి చెవి చెబుతుంది, కళ్లేమో ఫోన్ మీదో ముందు సీటు మీదో ఉండి కదలిక లేదంటాయి. ఆ రెండింటి తగాదా వల్లే వికారం. కాబట్టి కళ్లకి కూడా కదలిక చూపించండి: ముందు సీటులో కూర్చుని, దూరంగా దారినీ దిగంతాన్నీ చూడండి. ఫోన్ లోపల పెట్టేయండి. బండి వెళ్లే వైపుకి వీపు పెట్టి కూర్చోవద్దు. పొద్దున ఖాళీ కడుపుతో రావద్దు, భారంగా తిని కూడా రావద్దు. కిటికీ కొద్దిగా తీస్తే చల్లగాలికి సర్దుకుంటుంది. మాత్ర వేసుకునేవాళ్లు బయల్దేరడానికి అరగంట నుంచి గంట ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. ఆ మాత్రల్లో చాలావాటికి నిద్ర వస్తుంది, ఏది మంచిదో మందుల షాపులో అడిగి తీసుకోండి.

బుకింగ్ అప్పుడే "మలుపులు పడవు, ముందు సీటు కావాలి" అని చెప్పి పెట్టుకోండి. చిన్న గ్రూపులో ఇది సులువుగా కుదురుతుంది. మలుపులు పడనివాళ్లకి ముందు సీటు ఇచ్చేయడం మిగతావాళ్లకీ మేలే.

చెవులు దిబ్బడ వేస్తే ఆవలించండి, గుటక వేయండి, చప్పరించడానికి ఏదైనా నోట్లో పెట్టుకోండి. చంటిపిల్లలకి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టిస్తే గుటకలతో చెవులు తేలికపడతాయి. బాగా జలుబు ఉంటే దిగేటప్పుడు నొప్పి ఎక్కువ ఉంటుంది.

వ్యూపాయింట్ దగ్గర

దిగగానే ఫోన్ తీయకండి. ఇది నా మొండి అభిప్రాయం. మొదటి ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. ముందు అన్నిటికంటే దూరంగా ఉన్న వరసని చూడండి, తర్వాత మెల్లగా దగ్గరికి రండి. దూరం పెరిగేకొద్దీ కొండలు నీలంగా, పలచగా కనిపిస్తాయి. మధ్యలో ఉన్న గాలి నీలిరంగు వెలుగుని ఎక్కువగా చెదరగొట్టి మన కంటికి పంపడమే దానికి కారణం. ఆ నీలం చిక్కదనాన్ని బట్టే ఏ వరస ముందుందో ఏది వెనకుందో మన కన్ను లెక్క కడుతుంది.

తర్వాత గైడ్‌ని అడగండి. "ఇది ఏ కొండ?" కంటే మంచి ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఈ లోయని నది కోసిందా, మంచు నదా? నది కోసిన లోయ చాలా చోట్ల ఇరుకుగా, అడ్డంగా చూస్తే వి అక్షరంలా ఉంటుంది. మంచు నది నడిచిన లోయ అడుగు వెడల్పుగా, గోడలు నిటారుగా, యు అక్షరంలా ఉంటుంది. ఆ వాలు మీద చెట్లున్నాయి, ఈ వాలు మీద లేవు, ఎందుకు? ఎండ పడే వైపూ నీడ వైపూ, గాలికి ఎదురు వైపూ చాటు వైపూ అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇలా ఒకటి అడిగితే గైడ్ ముఖం వెలిగిపోవడం చాలాసార్లు చూశాను. రోజూ "ఇక్కడ ఫోటో ఎక్కడ బాగా వస్తుంది?" అన్న ఒక్క ప్రశ్నే విని ఉంటారు పాపం.

ఫోటో విషయానికి వస్తే, ఫోన్ మామూలు లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది, కళ్లకి పెద్దగా కనిపించిన కొండ ఫోటోలో పిట్టంత అవుతుంది. రెండు మూడు రెట్లు జూమ్ లెన్స్ ఉంటే అది వాడండి, వరసలు దగ్గరపడి కొండ ఎత్తు తెలుస్తుంది. ఫ్రేమ్‌లో దగ్గరగా ఒక చెట్టు కొమ్మో, ఒక మనిషో ఉంటే దూరం ఎంతో అర్థమవుతుంది. సూర్యోదయం కోసం వెళ్తే సూర్యుడు పైకి రావడానికి కనీసం అరగంట ముందే చేరాలి. మంచి రంగులు చాలాసార్లు ఆ ముందు వేళలోనే పడతాయి.

మీ వెనక సూర్యుడు కిందుగా ఉండి, ఎదురుగా కింద పొగమంచు ఉంటే, ఆ మంచు మీద మీ నీడ కోసం వెతకండి. అదృష్టం ఉంటే పెద్ద నీడ, దాని తల చుట్టూ రంగుల వలయం కనిపిస్తాయి. జర్మనీలో 1,141 మీటర్ల బ్రాకెన్ కొండ పేరు మీద దీన్ని బ్రాకెన్ స్పెక్టర్ అంటారు. పక్కన పదిమంది నిలబడినా వలయం ఎవరికి వాళ్ల తల చుట్టూనే కనబడుతుంది.

అంచు దగ్గర మాత్రం ఎలాంటి సర్దుబాటూ వద్దు. కంచె దాటొద్దు. ఫోటో కోసం వెనక్కి నడవొద్దు. వెనక్కి రావాలంటే ఆగి, తిరిగి చూసి, అప్పుడు అడుగు వేయాలి. తడి బండ, వదులుగా ఉన్న రాళ్లు, గాలి కొట్టే చోటు: ఈ మూడింట్లో ఏది ఉన్నా ఇంకో రెండడుగులు లోపలే ఉండండి. రాయి కిందికి విసరకండి, కింద దారిలో మనుషులు ఉండొచ్చు. పిల్లల చేయి పట్టుకునేది ఎవరో బండి దిగకముందే తేల్చుకోండి. "నువ్వు చూస్తున్నావనుకున్నా" అనే మాట అక్కడ రాకూడదు.

ఆకాశం మారితే

మబ్బులు గోపురాల్లా పైకి పెరుగుతుంటే, అడుగున నల్లబడుతుంటే తిరిగి వెళ్లే ఆలోచన మొదలుపెట్టాలి. మెరుపు కనబడ్డాక లెక్కపెట్టండి. 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది, వెంటనే బండిలోకి వెళ్లిపోవాలి. పైకప్పు ఇనుముతో ఉన్న మూసిన బండి మంచి రక్షణ. ఒంటరి చెట్టు కిందా, పక్కలు తెరిచి ఉండే మంటపంలోనూ నిలబడటం రక్షణ కాదు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాకే మళ్లీ బయటికి రావాలి. గైడ్ "ఇక బయల్దేరదాం" అంటే బేరమాడొద్దు. ఆయనకీ డబ్బులిచ్చినవాళ్లని నిరుత్సాహపరచడం ఇష్టం ఉండదు, అయినా అంటున్నాడంటే ఏదో చూశాడు.

శిఖరం మీద నున్నటి పళ్లెంలాంటి మబ్బు కదలకుండా నిలబడి ఉంటే పైన గాలి బలంగా ఉందని అర్థం. కింద ప్రశాంతంగా ఉన్నా జాకెట్ జిప్ వేసుకునే దిగండి.

తోటివాళ్లతో

పదిమంది గ్రూపులో ఒకరు ఐదు నిమిషాలు ఆలస్యం చేస్తే ప్రతి చోటా ఐదు నిమిషాలు అందరికీ పోతాయి. చెప్పిన టైమ్‌కి రెండు నిమిషాలు ముందే బండి దగ్గర ఉండండి. కిటికీ సీటు మధ్యాహ్నం నుంచి మార్చుకుందామని పొద్దునే అనేసుకుంటే ఎవరికీ మనసులో ఏమీ ఉండదు. స్పీకర్‌లో పాటలు వద్దు. చాలామంది అంత దూరం వచ్చేది ఆ నిశ్శబ్దం కోసం కూడా.

ఒక చోట నచ్చి ఇంకాసేపు ఉండాలనిపిస్తే గైడ్‌ని పక్కకి పిలిచి అడగండి. "ఆఖరి చోటు వదిలేసి ఇక్కడే ఉందామా?" అని మిగతావాళ్లని అడిగితే, ఎక్కువమంది సరే అనడం నేను చూశాను. అడిగేవాళ్లు లేకే ఆ అవకాశం పోతుంది.

తిరుగు ప్రయాణం

దిగేటప్పుడు అలసటతో కునుకు పడుతుంది. తిరిగి వచ్చాక మీరే కారు నడుపుకుని ఇంటికి వెళ్లాల్సి ఉంటే, అందులోనూ వికారం మాత్ర వేసుకుని ఉంటే, కాస్త ఆగి మత్తు పూర్తిగా వదిలాకే స్టీరింగ్ పట్టుకోండి. సాయంత్రం ఏ పనీ, ఏ రైలూ పెట్టుకోవద్దు. కొండదారిలో ఒక లారీ ఆగిపోతే గంట ఇట్టే పోతుంది.

ఆ రాత్రే ఫోటోలకి చోటు పేరు, కొండ పేరు, గైడ్ చెప్పిన ఒక్క ముక్క రాసి పెట్టుకోండి, రెండు రోజులాగితే కలిసిపోతాయి. రివ్యూ రాస్తే ఎంతమందిని తీసుకెళ్లారో, మబ్బు పట్టినప్పుడు గైడ్ ఏం చేశాడో, ఒక్కో చోట ఎన్ని నిమిషాలు ఆపారో రాయండి. నేను బుక్ చేసుకునే ముందు వెతికేది ఆ నిమిషాల కోసమే, ఎక్కువ రివ్యూల్లో దొరకనిదీ అదే.